ఆ కోడలు అనని మాట

మేడమ్ పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఆవిడ చిన్నకూతురు. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందండీ" అంది. పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్నా అలాగే నిలబడిపోయాను.

మేడమ్ అంటే ఎవరో పెద్ద ఆఫీసరు అనుకునేరు. మాదన్నపేట కూరగాయల మార్కెట్ దగ్గర, ఒక మందుల షాపు పైన, రెండు గదుల్లో ఉండేది మా ఆఫీసు. ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళతో వాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడి, చెప్పింది చెప్పినట్టు రిపోర్టు రాసే పని. ఆవిడ మాకు పెద్ద. భర్త ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఉర్దూ మాటల చివర 'అండీ' తగిలించేవారు. కూర్చోమనడానికి "బైఠో అండీ" అంటే పాతబస్తీ ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేసి, మళ్ళీ అలాగే అనేవారు.

ఇప్పుడు ఈ పనికి ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట. రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో మాకున్నది వర్డు, ఎక్సెల్, మూలిగే ప్రింటరు. "ఉన్నవాటితోనే వండుదాం" అనేవారు మేడమ్. క్యాసెట్లో రికార్డు చేసిన మాటలు వర్డులో టైపు చేసేవాళ్ళం. తర్వాత ఎక్సెల్‌లో ఒక్కో మాటకు ఒక్కో వరుస. ఒక గడిలో మాట, పక్క గడిలో అది అన్న మనిషి నంబరు, ఆ పక్కన అది దేని గురించో ఒక చిన్న పదం. పేరు మాత్రం ఎక్కడా రాయకూడదు. ఆ చిన్న పదాన్ని బట్టి సార్ట్ చేస్తే, ఒకే సంగతి మీద అందరూ అన్నవి ఒకచోట చేరతాయి. వినడానికి ఇంతే. చేసేటప్పుడు తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ చిన్న పదం దగ్గరే నాకూ ఆవిడకూ పేచీ. ఒకసారి నేను గొప్పగా 'ఆరోగ్య అవగాహనా లోపం' అని కొట్టాను. మేడమ్ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఏమ్మా, ఆవిడ నీతో ఏమంది?"

"సూదంటే భయమైందన్నది మేడమ్."

"మరి భయమని రాయి. లోపం గీపం మనమెందుకు అంటగట్టడం?"

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఎం.ఏ. చదివింది 'భయం' అని కొట్టడానికా అనిపించింది. కొట్టాను మరి, ఏం చేస్తాను.

అంతా అయ్యాక ఒక్కో మనిషి మాటలు విడిగా ప్రింటు తీసి, వాళ్ళింటికి వెళ్ళి చదివి వినిపించడం ఆవిడ పద్ధతి. "మన దగ్గరున్నది వాళ్ళ సొత్తు కదమ్మా. సరిగ్గా దాచామో లేదో చూపించుకోవద్దూ?" అనేవారు.

కాన్పయ్యాక ఆడవాళ్ళు దవాఖానాకు ఎందుకు రారు అన్నది అప్పటి మా స్టడీ. ఆ పనిమీదే బహదూర్‌పురాలో ఒక ఇంటికి వెళ్ళాం. అత్తా కోడళ్ళు ఉండే ఇల్లు. అత్తను మేం ఖాలా, అంటే పిన్నీ అని పిలిచేవాళ్ళం, కోడలు అమ్మీ అనేది. మేడమ్ ఎప్పుడూ మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టే చదివేవారు. ఆ రోజు కోడలే నవ్వుతూ, "అమ్మీ ముందరనే చదువుండ్రి మేడమ్, నేనేం ఖరాబ్ మాట అనలే" అంది. ఖాలా చాయ్ తెచ్చి ఎదురుగా కూర్చుంది.

మేడమ్ చదివారు. "మా అత్త నన్ను గడప దాటనియ్యది. బిడ్డకు జ్వరమొచ్చినా దవాఖానాకు పంపది. నేను చచ్చినా ఆమెకు ఫికర్ లేదు."

చివరి మాట దగ్గర ఆవిడ కాగితం దించేశారు. కోడలి ముఖం పాలిపోయింది. "యే మై నై బోలీ అమ్మీ! నేనిట్ల అననే లేదు!" అని అరిచింది. ఇంటర్వ్యూ చేసింది నేనే కాబట్టి, అది ఆమె మాట కాదని నాకు తెలుసు. అదే అన్నాను.

"ఇది అనకుంటే మరెవరన్నరు? పేరు చెప్పు, నమ్ముత" అంది ఖాలా.

ఎవరిదో కూడా నాకు తెలుసు. నోరు తెరవబోతే మేడమ్ నా చెయ్యి గట్టిగా నొక్కారు. "తప్పు నాది ఖాలా. వేరేవాళ్ళ మాట మీ కోడలి లెక్కలో పడింది. కానీ ఆ మాట అన్న పిల్ల ఎవరో చెప్పను."

"అయితే ఇదే అన్నది" అంటూ ఖాలా లోపలికి వెళ్ళిపోయింది. కోడలు మా వెనకే గడపదాకా వచ్చింది. "ఇగ నేనీ ఇంట్ల ఎట్లుండాలె మేడమ్?" అని ఏడ్చింది.

రోడ్డు మీదే నేను ఎగిరిపడ్డాను. "పేరు చెప్తే అయిపోతుండె కదా మేడమ్! ఆ పిల్ల కాపురం ఏం గావాలె?"

"మరి ఆ రెండో పిల్ల కాపురం?" అన్నారు.

ఆఫీసుకెళ్ళి ఫైలు తెరిస్తే తెలిసింది. సార్ట్ చేసేటప్పుడు ఆవిడ మొత్తం పట్టికకు బదులు నంబర్ల నిలువు వరుస ఒక్కటే సెలెక్ట్ చేశారు. నంబర్లు కదిలాయి, మాటలు ఉన్నచోటే ఉండిపోయాయి. ఒకరి మాట ఇంకొకరి నెత్తిన పడింది. "నేనే చేశాను. ఎంత పని చేశాను!" అని మేడమ్ తల పట్టుకున్నారు.

మర్నాడు ఆ కోడలి క్యాసెట్టు, టేప్‌రికార్డరు సంచిలో పెట్టుకుని మళ్ళీ వెళ్ళాం. ముందు మేడమ్ కోడలిని నల్లా దగ్గర పట్టుకున్నారు. "ఇందులో మీ అమ్మీ మీద ఒక కంప్లయింటు కూడా ఉందమ్మా. ఆ ముక్క కోసి వినిపిస్తే ఆవిడ నమ్మదు. నువ్వు వద్దంటే ఇటునుంచి ఇటే వెళ్ళిపోతాం." ఆ పిల్ల బిందె నిండి పొర్లిపోయేదాకా ఆలోచించి, "వినిపియ్యుండ్రి" అంది.

టేపు తిరిగింది. కుక్కర్ విజిల్, పక్కనే ఉన్న జూలో సింహం అరుపు, మధ్యలో కోడలి గొంతు. "దవాఖానాకు పోయేటప్పుడు బిడ్డనెత్తుకుని అమ్మీ ముందల నడుస్తది, నేను ఎన్క పోత." ఖాలా చేతులు కట్టుకుని గోడకానుకునే ఉంది. భయపడి పొగిడిందనుకుందో ఏమో. అంతలో టేపులోంచి, "కానీ టీవీ మాత్రం చూడనియ్యది. సీరియల్ షురూ అయితే సాలు, కరెంటు బిల్లు నీ అబ్బ కడతడా అని బంద్ చేస్తది" అని వినిపించింది.

ఖాలా ఒక్కసారిగా తలెత్తింది. "గిది దీని మాటే!" అంది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు ఏడుస్తూనే నవ్వింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

మేం చెప్పులేసుకుంటుంటే ఖాలా గడప దగ్గరికి వచ్చింది.

"మేడమమ్మా, పేరడగ. కానీ నిన్న సదివితివి కదా, బిడ్డకు జ్వరమొచ్చినా పంపరని. ఆ పిల్ల సంగతేంది?"

"రిపోర్టులో రాస్తాం ఖాలా."

"రాస్తే జ్వరం తగ్గుతదా?"

మేడమ్ వేసుకున్న చెప్పులు మళ్ళీ విప్పారు.

"నేను బుధవారం బుధవారం మనమరాలిని దవాఖానాకు తోలుకపోత. ఆమెను గూడ రమ్మను. నాతోని పోతున్ననంటే ఏ అత్త కాదంటదో నేనూ సూస్త" అంది ఖాలా.

ఆ కబురు ఒక్కరికే చెబితే ఆ మాట ఎవరిదో బయటపడుతుంది. అందుకని స్టడీలో ఉన్న ప్రతి ఇంటికీ మేడమ్ నడిచి వెళ్ళి అదే చెప్పారు. పట్టిక మొదటినుంచీ సరిచేసేసరికి రిపోర్టు ఆలస్యమైంది. డబ్బిచ్చినవాళ్ళు విసుక్కున్నారు. ఆ మాటలన్నీ ఆవిడే పడ్డారు. అప్పటినుంచి ప్రతి వరుస ముందూ ఒక క్రమసంఖ్య వేయించేవారు, సార్ట్ చేసే ముందు ఒక కాపీ తీయించేవారు. "మాటను మనిషి నుంచి విడదీసే ముందు, మళ్ళీ కలిపే దారి చూసుకోవాలమ్మా" అనేవారు. ఇవాళ నేను పిల్లలకు ఈ పని నేర్పేటప్పుడు నా నోట వచ్చేవన్నీ ఆవిడ మాటలే. ఆవిడ లేకపోతే నేనింకా 'లోపం' అని కొడుతూ ఉండేదాన్ని.

కొన్ని వారాల తర్వాత, ఒక బుధవారం, మేమిద్దరం ఆ దవాఖానా ముందునుంచి వెళ్తున్నాం. బయట బెంచీ మీద ఖాలా కూర్చుని ఉంది. ఈమధ్యే నిలబడడం నేర్చిన మనమరాలు ఆమె బుర్ఖా పట్టుకుని నిలబడింది. ఒళ్ళో మాత్రం ఇంకో బిడ్డ. మమ్మల్ని చూసి ఖాలా సంబరంగా చెయ్యెత్తింది. నేను అటు అడుగు వేశాను.

"అటు వెళ్ళకు. మనం పలకరిస్తే ఆ బిడ్డ తల్లి మన స్టడీలో మనిషని నలుగురికీ తెలుస్తుంది" అన్నారు మేడమ్. ఆవిడ కళ్ళు నిండిపోయాయి. తల తిప్పుకుని, ఎవరో తెలియనట్టు గబగబా నడిచిపోయారు. నేను ఒక్కసారి వెనక్కి చూశాను. ఖాలా ఎత్తిన చెయ్యి దించి, ఒళ్ళో బిడ్డ ముఖం కనపడకుండా మెల్లగా బుర్ఖా అంచు కప్పుతోంది.