సుగుణమ్మ దవాఖాన ఎక్కడికీ మారలేదు

ఎనిమిదేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. ఫోనులో ఒక మనిషితో నేనన్న మాట. అనడానికి రెండు క్షణాలు పట్టి ఉంటుంది, అంతే. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. పెళ్ళయ్యాక ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది. చెప్పగలనా? మొదలుపెట్టి మూడుసార్లు ఆపేశాను. ఇది నాలుగోసారి.

తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే నా అరచేతులు ఇప్పటికీ చల్లబడతాయి. అది మోగి మోగి ఆగేదాకా చూస్తూ కూర్చుంటాను. "గంత భయమేంది, బ్యాంకోళ్ళు గావచ్చు" అని ఆయన నవ్వుతాడు. నేనూ నవ్వుతాను.

మాది నిజామాబాద్. అమ్మ బీడీలు చుట్టి నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఆ తర్వాత బస్టాండు దగ్గర ఒక చిన్న ఆఫీసులో చేరాను. మేడమీద ఒకే గది. ఊళ్ళో దుకాణాలు, బడులు, దవాఖానలు ఇంటర్నెట్‌లో వెతికేవాళ్ళకు అందరికంటే ముందు కనబడేలా చెయ్యడం మా పని. ఓనరు హైదరాబాద్‌లో ఉండేవాడు, ఇక్కడ చూసుకునేది నేనొక్కదాన్నే. ఆ పనిలో నేను గట్టిదాన్ని. గొప్పకు చెప్పడం లేదు. గట్టిదాన్ని కాకపోయి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

ఎనిమిదేళ్ళ కిందట పట్టణంలో ఒక కొత్త హాస్పిటల్ తెరిచారు. పేరు రాయను. ఎముకలకూ కాన్పులకూ పెట్టిన హాస్పిటల్ అది. వాళ్ళ మేనేజరు మా దగ్గరికి వచ్చి, జిల్లాలో ఎవరు దవాఖాన అని వెతికినా తమదే మొదట రావాలన్నాడు. వెబ్‌సైటు చేశాను. ఫొటోలు పెట్టాను. ఆటోల వెనక పేరు రాయించాం. కాలేజీ అమ్మాయిల చేత ఆ పేరు టైపు చేయించి మరీ వెతికించాను. నాలుగు నెలలు గడిచాయి. నిజామాబాద్‌లో కొంచెం పైకి వచ్చింది. బోధన్ వైపు ఎవరు వెతికినా మాత్రం మొదట వచ్చేది సుగుణమ్మ దవాఖానే.

సుగుణమ్మ డాక్టరమ్మది బోధన్. మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే దారిలో ఒక గల్లీ, అందులో రెండు గదుల దవాఖాన. వెబ్‌సైటు లేదు. బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయాయి. మ్యాపులో ఆ దవాఖానను ఎవరో పేషెంటు ఎప్పుడో పెట్టి వదిలేశాడు. అందులో ఉన్న పాత ఫోన్ నంబరు కూడా పనిచేయడం లేదు. అలాంటిదొకటి ఇంటర్నెట్‌లో ఉందని కూడా ఆమెకు తెలియదు.

మేనేజరుకు ఇది మింగుడు పడలేదు. "బోర్డే సక్కగ లేదు ఆమెకు. ఫోన్ల మనకన్న ముందెట్ల వస్తది?" అని అడిగాడు.

"జనం ఆమె పేరే కొట్టి వెతుకుతున్నరు సార్. మనం దవాఖాన అని వెతికితే దొరుకుతం. ఆమెనైతే సుగుణమ్మ అనే వెతుకుతరు. ఎక్కువమంది ఏ పేరు అడిగితే ఫోను గా పేరునే నమ్ముతది" అన్నాను.

అది నిజమే. జనం ఏమేం టైపు చేస్తున్నారో నాకు కనబడేది. సుగుణమ్మ, సుగ్నమ్మ, సుగుణ డాక్టర్. తప్పుల తడక. అవతల సరిహద్దు ఊళ్ళ నుంచి మరాఠీలో కూడా. సుగుణమ్మ జ్వరం. సుగుణమ్మ పాము కాటు. సుగుణమ్మ ఆదివారం ఉంటదా. ముప్పై ఏళ్ళుగా ఆమె చెయ్యి పట్టుకుని చూసినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ, వాళ్ళు చెప్పగా విన్నవాళ్ళూ. ఆమె వైద్యం ఎలాంటిదో యంత్రానికేం తెలుసు? ఇంతమంది ఒకే పేరు అడుగుతున్నారని మాత్రం తెలుసు. ఆటోల వెనక రాయించినంత మాత్రాన అలాంటి పేరు రాదని ఆ నాలుగు నెలల్లో నాకు బాగా అర్థమైంది.

"అయితే ఆ పేరునే మన దగ్గరికి తెద్దాం."

ఈ మాట మేనేజరు అన్నాడని ఎనిమిదేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇప్పుడు కూడా అలాగే రాసి, కొట్టేశాను. అన్నది నేను. ఆయన ఆ పని వేరేవాళ్ళకు ఇస్తానని లేచి నిలబడ్డాడు. అది పోతే మా ఆఫీసు మూసేస్తారని నాకు తెలుసు. భయం వేసింది. భయంతోనే అన్నానా? కొంత భయం. కొంత, ఎవరికీ తట్టనిది నాకు తట్టిందన్న ఉషారు. ఏది ఎంత పాలో ఎన్నిసార్లు తూచుకున్నా తేలడం లేదు.

పని చాలా సులువుగా అయిపోయింది. మ్యాపులో సుగుణమ్మ దవాఖానకు యజమానులెవరూ లేరు కాబట్టి నేనే యజమానినన్నాను. పనిచేయని నంబరు తీసేసి, మా ఆఫీసులో ఊరికే పడి ఉన్న ఒక నంబరు పెట్టాను. తర్వాత ఆ దవాఖాన గుర్తును బోధన్ నుంచి ఎత్తి నిజామాబాద్‌లో ఆ కొత్త హాస్పిటల్ మీద పెట్టాను. నాలుగైదు రోజుల్లో మ్యాపు అన్నిటినీ ఒప్పేసుకుంది. ఆ పేరు అడిగినవాళ్ళందరికీ ఇక మా దారే చూపిస్తుంది. బోధన్‌వాళ్ళకు ఆ దవాఖాన ఎక్కడో కళ్ళు మూసుకున్నా తెలుసు, వాళ్ళకేం నష్టం లేదు, కొత్తవాళ్ళు నలుగురు ఇటొస్తే ఏమవుతుంది అనుకున్నాను. కొత్తవాళ్ళు. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను.

మ్యాపు మారిన మూడోరోజో నాలుగోరోజో పొద్దున పదకొండు గంటలకు మేనేజరు వచ్చాడు. ఫోన్లు వస్తున్నాయా అని అడుగుతుండగానే ఆ నంబరు మోగింది. స్పీకరు పెట్టమని చేత్తో సైగ చేశాడు. పెట్టాను.

"హలో, సుగుణమ్మగారి ఆసుపత్రేనాండీ?"

ఆడపిల్ల గొంతు. కోస్తా మాట. అటునుంచి వచ్చి బోధన్ చుట్టుపక్కల కాలువ కింద భూములు చేసుకునే క్యాంపుల వాళ్ళ మాట అది.

"అవునండీ" అన్నాను.

"మా ఆయనకి చెరుకుతోటలో ఏదో కరిచిందండి. మేం ఇక్కడికొచ్చి నెల కూడా అవలేదు. ఏదన్నా అయితే సుగుణమ్మగారి దగ్గరికే వెళ్ళమని అందరూ అంటారు. బోధన్ అన్నారండి. ఫోనులోనేమో నిజామాబాద్ చూపిస్తుంది. ఎటు రమ్మంటారు?"

ఆమె వెనకాల ఒక మగగొంతు, "నువ్వు కంగారు పడకు" అంది. నెమ్మదిగానే అంది.

మేనేజరు నా ముఖంలోకే చూస్తున్నాడు. బోధన్ వెళ్ళండమ్మా అంటే సరిపోయేది. మ్యాపు తప్పు చూపిస్తోందంటే సరిపోయేది. ఏం కరిచింది అని అడిగినా సరిపోయేది. అడగలేదు.

"ఇక్కడికి మారిందమ్మా. నిజామాబాద్ రండి."

"డాక్టరుగారు ఉన్నారు కదండీ?"

"ఉన్నరు."

"సరేనండి. స్కూటీ మీద తీసుకొచ్చేస్తన్నాను."

ఫోను పెట్టేశాక మేనేజరు, "మంచిగ మాట్లాడినవ్" అన్నాడు. నాకు సంతోషం వేసింది. ఇది కూడా చెప్పాలి కదా. ఆ క్షణాన నాకు సంతోషమే వేసింది.

కుక్క కరిచిందేమో అనుకున్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. ఆమె కుక్క అనలేదు. చెరుకుతోట అంది, ఏదో అంది. ఈ జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని. చెరుకుతోటలో ఏది కరుస్తుందో నాకు తెలియదా?

మర్నాడు మేనేజరు మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. "నిన్నటి ఫోను యాదికున్నదా? రక్తపింజర కరిసిందట. మన దగ్గర దానికి మందు లేదు గద, పెద్దాస్పత్రికి పంపిచ్చినం. రాత్రికి పోయిండట. ఆ నంబరు తీసెయ్యి. ఉన్నదున్నట్టు చెయ్యి. మనకేం ఎరుక లేదు" అన్నాడు.

తీసేశాను. గుర్తును మళ్ళీ బోధన్‌లో పెట్టాను. పదినిమిషాలు కూడా పట్టలేదు.

వాళ్ళుండే క్యాంపు బోధన్‌కు అవతల. నిజామాబాద్ రావాలంటే బోధన్ మీదుగానే రావాలి. అంటే, భర్తను వెనక కూర్చోబెట్టుకుని ఆమె ఆ గల్లీ మొదలు ముందు నుంచే వచ్చింది. ఫోను నేరుగా వెళ్ళమని చెబుతుంటే నేరుగా వచ్చింది.

పోలీసులు వస్తారని ఎదురుచూశాను. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడు వినబడినా లేచి తలుపు వైపు చూసేదాన్ని. ఎవరూ రాలేదు. పేపరులో నాలుగు వరుసల వార్త వచ్చింది. కౌలు రైతు, పాముకాటు, భార్యాభర్తలిద్దరి పేర్లు, వాళ్ళ సొంతూరు. అంతే. ఎవరూ రానందుకు భయం తగ్గాలి కదా? తగ్గలేదు. ఆమె ఫోనులో ఆ నంబరు ఉంటుంది. ఆమె చెవుల్లో నా గొంతు ఉంటుంది.

పదిరోజులయ్యాక బోధన్ వెళ్ళాను. డాక్టరమ్మకు చెప్పేద్దామనే వెళ్ళాను. చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది, లోపలి మాటలు వినబడుతున్నాయి. సుగుణమ్మ డాక్టరమ్మ సన్నగా, తెల్లజుట్టుతో, అనుకున్నదానికంటే చిన్నగా ఉంది. ఒక ముసలవ్వకు బీపీ చూస్తూ చెబుతోంది.

"పాముకాటు మందు గీడనే ఫ్రిజ్‌ల ఉండె అవ్వా. తోలుకొచ్చిన ఘడియల పెడుతుంటి. ఎవరు చెప్పిండ్రో గని, నేను నిజామాబాద్‌కు మారిన్నని చెప్పిండ్రట ఆ పిల్లకు. మొన్న వచ్చి, నువ్వు కూసున్న కుర్సీలనే కూసోని, 'మీరు మళ్ళీ ఇక్కడికి ఎప్పుడొచ్చారండీ' అని అడిగింది. ఏమని చెప్పాలె? నేనెప్పుడు పోయిన?"

నా వంతు వచ్చింది. అదే కుర్చీలో కూర్చున్నాను.

"ఏమైంది బిడ్డా?"

"నిద్ర పడ్తలేదు డాక్టరమ్మా."

నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. "గింత కొట్టుకుంటుంది. దేని భయం నీకు?"

నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది.

"పరీక్షలున్నయ్" అన్నాను.

"పాసైతవ్ తియ్" అని గోలీలు రాసిచ్చింది.

బయటికొచ్చి ఆ చీటీని చింపేశాను. ఆమె మందు మింగే హక్కు నాకు లేదనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే అదీ నాటకమే. చెప్పాల్సింది చెప్పకుండా కాగితం చింపితే ఏమొస్తుంది? నాలుగేళ్ళకు ఆమె పోయింది. ఎవరు తనను తన ఊళ్ళోంచి లేపేశారో ఆమెకు చివరిదాకా తెలియలేదు.

నేను ఆ ఆఫీసు మానేశాను కానీ, ఆ పని మానలేదు. వేరే పని రాదు. ఒకరోజు, పేపరులో చదివిన ఆ రైతు భార్య పేరునూ వాళ్ళ ఊరినీ కలిపి వెతికాను. అప్పటిదాకా వెతకకుండా ఉన్నానని చెబితే నమ్ముతారా? భయంతో ఉన్నాను. దొరికింది. ఆమె సొంతూళ్ళో తన పేరుతోనే టైలరింగ్ షాపు పెట్టుకుంది. మూడో పేజీలో, ఎక్కడో అడుగున. ఆ పేరు అడిగేవాళ్ళెవరూ లేరు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఆ పేరు టైపు చేసి వెతకడం మొదలుపెట్టాను. వేరే వేరే ఫోన్ల నుంచి. బ్లౌజులు బాగా కుడతారని దొంగపేర్లతో రాశాను. నాలుగు నెలల్లో మొదటి పేజీలోకి వచ్చింది. ఆ రోజు స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. హాయిగా ఉంటుందనుకున్నాను. ఒళ్ళు జలదరించింది. ఏం చేశాను నేను? అప్పుడు చేసిందే మళ్ళీ చేశాను. లేని జనాన్ని ఉన్నట్టు చూపించాను. ఆమె బతుకులోకి ఆమెకు తెలియకుండా మళ్ళీ చెయ్యి పెట్టాను. రాసినవన్నీ తీసేశాను. పేరు మెల్లగా కిందికి జారింది, కానీ మొదటికంటే కొంచెం పైనే ఆగింది. అది మాత్రం ఎవరో నిజంగా అడుగుతున్నవాళ్ళ వల్లే అనుకుంటాను.

పోయిన వారం ఆ షాపుకు ఫోన్ చేశాను. చెప్పేద్దామనే చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"హలో, చెప్పండి."

అదే గొంతు. కొంచెం బరువెక్కింది. నా గొంతు గుర్తుపడుతుందేమోనని అనుకున్న మాట అనలేకపోయాను. ఏదో ఒకటి అనాలి కదా. "షాపు ఎక్కడండీ?" అన్నాను.

"పాత బస్టాండు వెనక సందులోనండి. మందుల షాపు దాటాక ఎడమవైపు తిరగండి. ఫోను పెట్టుకుని రాకండి, అది పక్క సందులోకి తీసుకెళ్తుంది. కనబడకపోతే మళ్ళీ చెయ్యండి, నేను బయటికొచ్చి నిలబడతాను."

"సరేనండీ" అని పెట్టేశాను.

నేను రాలేదని ఆమె బయటికొచ్చి చూసిందో లేదో నాకు తెలియదు. ఒక ముక్కూ మొహం తెలియని మనిషికి ఆమె అంత జాగ్రత్తగా దారి చెప్పింది. నన్ను క్షమించమని అడగడానికి నాకిప్పుడు ధైర్యం ఇంకా తగ్గింది. ఒకవేళ అడిగి, ఆమె క్షమిస్తే? అది నేను తట్టుకోగలనా? ఆమె క్షమించకపోతే? దానికీ భయమే. అన్ని వైపులా భయమే.

అందుకే ఇది రాశాను. ఇక్కడైనా ఒక్కసారి తిన్నగా రాస్తాను. సుగుణమ్మ దవాఖాన నిజామాబాద్‌కు మారలేదు. మారిందని చెప్పింది నేను. తెలిసే చెప్పాను. ఆ మనిషి నా మాట వల్ల చనిపోయాడు.

పక్క గదిలో ఆయన టీవీ చూస్తున్నాడు. ఈ కాగితం ఆయన చదివితే ఏమవుతుందో తెలియదు. భయం పోలేదు. కానీ ఇన్నేళ్ళూ నాలోపలే తిరిగిన ఆ వాక్యం ఇప్పుడు బయట, నా కళ్ళెదుట ఉంది. దాన్ని చదవగలుగుతున్నాను. ఈసారి కొట్టెయ్యలేదు.