చప్పిడి కూడు

నా చిన్నప్పుడు పిల్లికి పథ్యం పెట్టిన ఇల్లు అరకు కొండల్లో మాదొక్కటే అయ్యుంటుంది. ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, మాకు దాని ప్రాణం ముఖ్యం. అది మా అమ్మ పెంచిన పిల్లి. అమ్మ పోయాక ఇంట్లో మా అమ్మమ్మ, నేను, అది, ముగ్గురమే మిగిలాం. అమ్మ కప్పుకున్న దుప్పటి మీద అది పడుకుంటే, దాన్ని ఆనుకుని నేను పడుకునేదాన్ని.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. గాదెలో చోళ్ళను, అదే రాగులను, ఎలుకల నుంచి కాసేది పిల్లే కాబట్టి, శుక్రవారం సంతలో కొన్న ఎండు నెత్తళ్ళలో దాని వాటా ముందు తీసి పెట్టాలి. ఆ తర్వాతే మేం తినాలి. అమ్మ పోయాక ఆ వాటా ఇంకా పెరిగింది. అమ్మమ్మ తన దాంట్లోంచి, నేను నా దాంట్లోంచి తీసి వేసేవాళ్ళం. తల్లి లేని పిల్లను నేనైతే, మా లెక్కలో అదీ తల్లి లేనిదే. ఉప్పు పట్టించి ఎండబెట్టిన ఆ చేపలు దానికి చేటు చేస్తున్నాయని మాకేం తెలుసు?

కాఫీ పళ్ళు కోసే చలికాలంలో అది చిక్కిపోవడం మొదలుపెట్టింది. ఎప్పుడు చూసినా నీళ్ళ కుండ దగ్గరే. నోరు కంపు, తిన్నదల్లా వాంతి. అమ్మమ్మ దాన్ని వెదురు బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచింది, వెనక నేను. ఆవుల్నీ మేకల్నీ తోలుకొచ్చినవాళ్ళ మధ్య మేం పిల్లితో నిలబడితే అందరికీ వేడుకైంది. డాక్టరు మాత్రం నవ్వలేదు. దాని పొట్ట తడిమి, నోరు తెరిచి చూసి, మూత్రపిండాలు చెడిపోయాయన్నాడు. నయమయ్యే జబ్బు కాదట, పథ్యం చేస్తే కొన్నాళ్ళు బాధ లేకుండా బతుకుతుందట. ఎండుచేప ఇంక దాని నోటికి తగలకూడదు. మెత్తటి అన్నంలో ఉడికించిన గుడ్డు తెల్లసొన, ఎప్పుడైనా ఉప్పు వేయని కోడిమాంసం కాస్త, నీళ్ళు ఎన్ని తాగితే అన్ని. మూత్రపిండాలనే మాట వినగానే అమ్మమ్మ ముఖం నల్లబడింది. మా అమ్మను తీసుకుపోయిందీ ఆ జబ్బే.

ఇంటికొచ్చి తెల్లసొన అన్నం పెడితే అది మూతి కూడా పెట్టలేదు. పచ్చసొన నా కంచంలో పడింది గాని నాకూ మింగుడు పడలేదు. పొయ్యి మీద వేలాడే నెత్తళ్ళ బుట్టకేసి చూస్తూ అది అరుస్తూనే ఉంది. ఒక్కటి వేద్దామని నేను ఏడ్చాను. అమ్మమ్మ ఆ బుట్ట దింపి, పక్కింటి అక్కకు ఇచ్చేసి వచ్చింది. ఎండుచేప నంజుకోనిదే అంబలి గుటక దిగని మనిషి ఆవిడ! ఆ పూట నుంచి మా కూరలో కూడా ఉప్పు మానేసింది.

"దాని ఎదురుగా మనం కమ్మగా తింతే, అదెలాగ తింతాదే గుంటా?" అంది.

అంతే. ముగ్గురికీ ఒకటే చప్పిడి కూడు. నాకు ఒళ్ళు మండేది. ఉప్పు లేని చిక్కుడుకాయ కూర తినమంటే ఏ పిల్లకు మండదు? కాని ఇంట్లో ఎక్కడా చేప వాసన లేకపోయేసరికి పిల్లి మెల్లగా దారికొచ్చింది. తెల్లసొన తిన్నది. వాంతులు తగ్గాయి. ఎండలు ముదిరేదాకా గడప లోపలా బయటా తిరిగింది. బాగైపోయిందనే అనుకున్నాను నేను.

తొలకరి వానలకు మళ్ళీ పడకేసింది. అన్నం ముట్టలేదు, నీళ్ళూ ముట్టలేదు. డాక్టరు చూసి, ఇంక దీన్ని తిప్పకండి, ఇంట్లోనే ఉంచుకోండి అన్నాడు. ఇంటికొచ్చిన అమ్మమ్మ పిల్లి బుట్ట కింద దింపి, తడి బట్టలతోనే పక్కింటికి వెళ్ళి రెండు ఎండు నెత్తళ్ళు అడిగి తెచ్చింది. నిప్పుల మీద కాల్చింది. నేను అడ్డం పడ్డాను. ఇన్నాళ్ళూ మా నోళ్ళు కట్టేసి, ఇప్పుడు నువ్వే చంపుతావా అని ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

అమ్మమ్మ చెయ్యి విడిపించుకోలేదు. అలాగే కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"మీ యమ్మ సివర్లో అంబలిలోకి ఎండుసేప అడిగింది గుంటా. ఉప్పు కూడదన్నారు గదా అని నాను పెట్నేదు. అడిగి అడిగి ఊరుకుంది. మర్నాడే పోయింది."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. చెయ్యి వదిలేశాను. అమ్మమ్మ చేపను నలిపి వేలి కొసన పెట్టింది. పిల్లి కళ్ళు తెరవకుండానే నాకింది, చిన్న ముక్క తిన్నది కూడా. ఇంకొంచెం నన్ను పెట్టమంది అమ్మమ్మ, పెట్టాను. తెల్లారేసరికి అది పోయింది. కాఫీ తోటలో పాతిపెట్టి వచ్చాక అమ్మమ్మ బావురుమంది. మా అమ్మ పోయిన రోజున కూడా ఆవిడ అలా ఏడవడం నేను చూడలేదు.

పెళ్ళయ్యాక నా ఇంట్లో పథ్యాలకు కొదవ లేదు. అత్తగారికి రక్తపోటు, మా ఇంటాయనకు చక్కెర జబ్బు. ఎవరిని ఏది మానమంటే అది నేనూ మానేశాను. అదేం గొప్ప కాదు, అమ్మమ్మ దగ్గర అలవాటైందే. చివరికి మా ఇంటాయనను ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పిల్లలు ఇంకా తీపి లేని జావే పట్టమంటున్నారు. నేను ఆయన చెవి దగ్గర వంగి, నీకేం తినాలనుందని అడిగాను. బెల్లం కాఫీ అన్నాడు. పిల్లలు చూస్తుండగానే కాచి, బెల్లం నిండుగా వేసి, చెంచాతో పట్టాను.