దోన్యా గిల్దాకు దొరకని @

స్పానిష్ మాట్లాడే మా మోకా ఊళ్లో దోన్యా గిల్దా, అంటే గిల్దా అమ్మగారు, చుక్కల దొమినో ముక్కను బల్లమీద కొడితే పక్కవీధి కోళ్లు ఉలిక్కిపడి గుడ్లు పెట్టేవి. నమ్మకపోతే ఆ కోళ్లనే అడగండి. సరుకుల కొట్టు నడుపుతూనే రోజూ సాయంత్రం ఆ ఆటలో పొరుగింటి తొరీబియోను ఓడించేది. ఇద్దరూ తోడు లేని ఒంటరివాళ్లే. ఆ మాట మాత్రం ఇద్దరూ ఎత్తరు.

తొరీబియో గుండె ఆపరేషన్‌కని దగ్గరి పట్నం సాంతియాగో ఆసుపత్రిలో చేరాడు. అప్పట్నుంచీ ఆట ఫోన్లలోకి మారింది. తెల్లారితే ఆపరేషన్ అనగా, "ఈ సాయంత్రం నాలుగింటికి ఒక్క ఆట" అని తన కూతురితో కబురు పంపాడు. ఆ మధ్యాహ్నమే గిల్దా ఫోను ఉడుకుతున్న చిక్కుడుగింజల కుండలో పడింది.

కొట్టులో పాత ల్యాప్‌టాప్ ఉంది, లినక్స్‌ది. కొట్టు లెక్కలు రాసే నేను అందులోనే ఫోన్లలో ఉండే ఆండ్రాయిడ్ తెరిచి దొమినో యాప్ పెట్టాను. ఈమెయిల్ అడిగింది. @ పడలేదు.

"ఆల్ట్ నొక్కి అరవై నాలుగు కొట్టవయ్యా అబెలార్దో! చీటీ కళ్లముందే ఉందిగా!" అంది గిల్దా.

మా దేశంలో @ కొట్టడమెలాగో చెప్పే ఆ చీటీ అంటించని కంప్యూటరు లేదు.

"అది విండోస్ మంత్రం, తల్లీ. ఈ దేవుడు వేరు."

కుడి ఆల్ట్‌తో క్యూ నొక్కితే ఆండ్రాయిడ్ బయట చక్కగా @ వచ్చింది. యాప్‌లో ఉత్త క్యూ. కాపీ చేసి అతికిద్దామంటే లోపలికి ఎక్కలేదు.

"కాన్వెంటులో సిస్టర్లు నీకు నేర్పింది ఇదేనా?"

"అబద్ధాలాడొద్దన్నారు. అదే ఒంటబట్టలేదు."

ఆమె నవ్వలేదు. గోడ గడియారం వైపే చూస్తోంది.

"నేను రాలేదనుకుని పడుకుంటాడేమో," అంది మెల్లగా.

ఒక్కో మీటా నొక్కి చూశాను. మా స్పానిష్ అక్షరం ఎన్యే మీట నొక్కితే సెమికోలన్ పడింది. అప్పుడు అర్థమైంది: బయట కీబోర్డు మనదే, లోపలున్న ఆండ్రాయిడ్ మాత్రం దాన్ని అమెరికాది అనుకుంటోంది. దాని సెట్టింగుల్లోకి వెళ్లి, భౌతిక కీబోర్డు దగ్గర లాటిన్ అమెరికా స్పానిష్ ఎంచాను. మళ్లీ కుడి ఆల్ట్, క్యూ.

@.

తొరీబియో అప్పటికే అక్కడున్నాడు. "భయపడి పారిపోయావనుకున్నా," అని రాశాడు.

"నీకా? కాస్త అద్దం చూసుకో," అని కొట్టింది గిల్దా.

ఆట చివర్లో గెలిచే ముక్క ఆమె చేతిలోనే ఉంది. వేరేది వేసింది.

"అదిగో, ఆరూ ఆరూ ముక్క ఉందిగా!" అన్నాను.

"నోర్ముయ్. నా కళ్లకు సరిగ్గా ఆనట్లేదు."

తెరమీద తొరీబియో మాట మెరిసింది: "గెలిచా! వచ్చాక బదులు తీర్చుకుందువుగాని."

"రా మరి," అని కొట్టింది. ఆ రెండు మాటలకూ మీటలు ఎంత నెమ్మదిగా నొక్కిందంటే, ఆ సాయంత్రం ఒక్క కోడీ ఉలిక్కిపడలేదు.