సగం మెదడు నాకు, సగం ఆమెకు

దానంగా వచ్చిన మెదడును సార్ రెండు సగాలు చేశారు. ఒకటి నాకు, ఇంకొకటి కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయికి. నాడీకణాలు ఎన్నో ఎవరి పద్ధతిలో వాళ్లం లెక్కపెట్టాలి. ఎవరి పద్ధతి నెగ్గితే ఎల్బీనగర్‌లోని మా ల్యాబులో వాళ్లకే చోటు, రెండో వాళ్లు ఇంకో పని వెతుక్కోవాలి.

నాది పాత పద్ధతి. మెదడును ఉల్లిపొరల్లా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద గళ్లు పరిచి, గడిలో పడ్డ కణాలను బట్టి మొత్తానికి అంచనా కట్టాలి. కుడి గీతను తాకిన కణాన్ని కలుపుకోవాలి, ఎడమ గీతను తాకినదాన్ని వదిలేయాలి. లేకపోతే ఒకే కణం రెండు గళ్లలోనూ లెక్కకొస్తుంది. నెలల తరబడి మెడ విరగ్గొట్టుకున్నాను. ఆ మహాతల్లి తన సగాన్ని మెత్తగా నూరి నీళ్లలా చేసేసింది. కణాలు పగిలినా, కణానికొకటి చొప్పున ఉండే కేంద్రకాలు పగలవట. చుక్క తీసి, అందులో రంగు పట్టిన కేంద్రకాలను లెక్కపెట్టి మొత్తానికి హెచ్చవేస్తే చాలట. వారం తిరక్కుండా ముగించి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో నా పక్క మంచం మీద కూర్చుని గోళ్లకు రంగు వేసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

తీరా చూస్తే ఆమె అంకె నాదానిలో సగం కూడా లేదు. సార్ మొహం చిట్లించారు. ఆ సాయంత్రం మెట్రో దిగగానే ఆమెకు మిర్చి బజ్జీలు నేనే కొనిపెట్టాను. అంత సంతోషం నాకు.

మర్నాడు నా ఎదుటే మళ్లీ మొదలుపెట్టింది. మెదడు నూరిన నీళ్లు ఎంతోసేపటిగా కదలకుండా ఉన్న గొట్టంలో పైపైన చుక్క తీయబోయింది. నా నోరు ఆగలేదు.

"జర ఊపినవా దాన్ని? అన్నీ అడుగుకు పోయి కూసుంటయ్ గదా."

"పొద్దున కలిపానక్కా. సరిపోద్దనుకున్నా."

ఊపింది. చుక్క తీసింది. ఈసారి ఆమె అంకె నా అంకె పక్కకు వచ్చి నిలబడింది.

సార్ మురిసిపోయారు. "నీ లెక్క లేకుంటే ఈమె లెక్కను ఎవ్వరూ నమ్మకపోదురమ్మా," అన్నారు నాతో. "ఇగ కోసుడు బంద్. మైక్రోస్కోపు ఈమెకిచ్చెయ్."

"థాంక్సక్కా," అంటూ ఆమె నా కుర్చీలో కూర్చుంది. నేను వంగి, ఆమె కళ్లకు సరిపోయేలా కటకాలు సర్దాను.