నసీమ్ ఆపా ఆగమన్న చోట

పటాన్‌చెరు దగ్గరపడగానే బస్సులో అందరూ కిటికీలు మూసేస్తారు. బొల్లారం వైపు నుంచి వచ్చే మందుల కంపెనీల ఘాటు అలాంటిది. కొత్తవాళ్ళకు గొంతులో పుల్లగా తగులుతుంది. నేను మాత్రం కిటికీ తెరుస్తాను. పక్కసీటువాళ్ళు ఎగాదిగా చూస్తారు. ఆ వాసన తగలగానే నాకు ఇరుకైన మెట్లు, వేడెక్కిన కంప్యూటరు, దాని ముందు కూర్చున్న నసీమ్ ఆపా గుర్తొస్తుందని వాళ్ళకేం తెలుసు! ఇవాళ నేను హైదరాబాదులో ఒక కంపెనీలో, తెర మీద అక్షరాలను కదిలించి కథలు చెప్పే పని చేస్తున్నాను. ఆ పని నాకు ఏ కాలేజీలోనూ రాలేదు. పటాన్‌చెరు బజారులో, ఒక మొబైల్ దుకాణం పైన, పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే ఆపా దగ్గర వచ్చింది.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమె భర్త కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళకు తిరిగేవాడు. ఆయన తెచ్చిన వీడియోను కోసి, కలిపి, పాటలు పెట్టి, పేర్లు వేసి ఇవ్వడం ఆపా పని. మా ఊరు హత్నూర నుంచి డిగ్రీ కాగితం చేతపట్టుకుని వచ్చిన నన్ను పేర్లు వేయడానికి పెట్టుకుంది. నా చేతులు ఊరుకునేవి కావు. చి.ల.సౌ. అన్న అక్షరాలు నిప్పులు కక్కుతూ వచ్చేవి. వరుడి పేరు గిరగిరా తిరిగి గులాబీ రేకులై పేలిపోయేది. అంత గొప్ప పని చేసి నేను మెచ్చుకోలు కోసం చూస్తుంటే, ఆపా నడుం మీద చేతులు పెట్టుకునేది.

"అరే బేటీ, గా అక్షరాలకు ఏమన్న బస్సు వోతదా? ఎందుకు గంత జల్దీ ఉరుకుతున్నయ్?"

ఆమె ఉర్దూ మీడియంలో చదువుకుంది. తెలుగు చదవడం పెళ్ళయ్యాక బస్సు బోర్డులు చూసి నేర్చుకుంది. ఒత్తు దగ్గర ఆగుతూ, వేలు ఆడిస్తూ, తెర మీది ప్రతి పేరూ పైకి చదివేది. ఆమె చదవడం పూర్తికాకముందే పేరు మాయమైతే మళ్ళీ చేయాల్సిందే. "నాకే అందకపోతె పెండ్లికొడుకు నాయినమ్మకు అందుతదా?" అనేది. నాకు ఒళ్ళు మండేది. నా ప్రతిభను ఈమె నాయనమ్మల పాలు చేస్తోందని లోలోపల గొణుక్కునేదాన్ని.

ఒక మధ్యాహ్నం లావణ్య వచ్చింది. ఆమె పెళ్ళి వీడియో మేము అప్పటికే ఇచ్చేశాం. ఆ అమ్మాయికి పుట్టినప్పటి నుంచీ చెవులు వినబడవు. మాటలన్నీ పుస్తకాల్లోంచి నేర్చుకుంది కాబట్టి రాసేది పుస్తకాల తెలుగే. ఫోనులో టైపు చేసి మా ముందు పెట్టింది. "అప్పగింతల్లో మా నాన్న మా ఆయనతో చాలాసేపు మాట్లాడాడు. బ్యాండు మోతలో మా ఆయనకు సగం కూడా వినిపించలేదట. ఏమన్నావని నాన్నను అడిగితే ఏమీ లేదంటాడు. నాకు తెలియాలి."

ఆపా, నేను ముఖాలు చూసుకున్నాం. మా వృత్తిలో అప్పగింతలంటే అసలు శబ్దం తీసేసి ఏడుపు పాట ఒకటి పెట్టేయడమే. అందరూ అలాగే చేస్తారు, మేమూ అలాగే చేశాం. అదృష్టం కొద్దీ కెమెరా కార్డును ఆపా ఇంకా చెరిపేయలేదు. వెతికి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాం. బ్యాండు, ఆడవాళ్ళ ఏడుపు, వాటి నడుమ లావణ్య తండ్రి ఎల్లయ్య గొంతు. చాలావరకు అర్థమైంది. ఆఖరి మాటలు మాత్రం సన్నాయి మింగేసింది.

"ఏదో దీవెన అయ్యుంటుంది ఆపా, రాసేద్దాం" అన్నాను.

"నీ నోట్లె మాట ఆయన నోట్లె పెడ్తవా? ఆయన్నే అడుగుదాం."

ఎల్లయ్య బొల్లారంలో ఒక కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. షిఫ్టు దిగి, కంపెనీ బస్సులోంచి నేరుగా మా దగ్గరికి వచ్చాడు. తన గొంతు తానే వింటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆఖరి మాటల దగ్గర ఆపా ఆపి, "ఈడ ఏమన్నవ్ ఎల్లయ్యన్నా?" అని అడిగింది.

"గది వద్దమ్మా. గది ఇడిచిపెట్టుండ్రి."

"నీ ఇష్టమన్నా. ఆడ ఖాళీ ఉంచుతం. మా దిక్కుకెల్లి ఒక్క మాట గూడ రాయం."

ఆయన లేచి మెట్ల దాకా వెళ్ళాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. తలెత్తకుండా, మెల్లగా చెప్పాడు. నేను టైపు చేశాను.

కన్నీటి బొట్లలా జారిపడే అక్షరాలు చేద్దామని నాకు మహా ఉబలాటం. చేసి చూపించాను కూడా. ఆపా అన్నీ తీయించేసింది. తెల్లటి అక్షరాలు, తండ్రి ముఖం పక్కనే, ఆయన గొంతు ఎలా నడిస్తే అలా ఒక్కో మాటే రావాలంది. ఆఖరి మాటలకు ముందు వీడియోలో ఆయన చాలాసేపు ఆగాడు. అక్కడ ఏదో ఒకటి నింపబోయాను.

"ఆడ ఏం పెట్టకు బేటీ. ఆయన ఆగిండు కద, నువ్వు గూడ ఆగు."

లావణ్య తండ్రిని వెంటబెట్టుకుని చూడటానికి వచ్చింది. తెర మీద ఎల్లయ్య అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. అక్షరాలు రాసాగాయి.

"అల్లుడా, ఎనకకెల్లి పిలిస్తె నా బిడ్డకు ఇనవడది. భుజం మీద చెయ్యేసి పిలువు. చీకట్ల మాట్లాడకు. లైటేసి మాట్లాడు, నీ మొకం కనవడాలె ఆమెకు. నవ్వితె జెర గట్టిగ నవ్వుతది. పదిమందిల ఉన్నా ఆపకు."

తర్వాత ఖాళీ. ఎల్లయ్య పెదవులు కదలడం లేదు. లావణ్య ఆ పెదవులనే చూస్తోంది. అంత ఖాళీ ఎందుకని వాదించిన నేను కూడా వాటినే చూస్తూ ఆగాను.

"ఒక్కసారి నేనే ఆపిన. చుట్టాలు సూస్తున్నరని బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టిన. ఇగ మల్ల నా ముంగట గట్ల నవ్వలే."

లావణ్య ఫోను తీసింది. అందులో ఏదో రాసి తండ్రికి చూపించింది. ఆయన చదవలేక మాకిచ్చాడు. కన్నీళ్ళలో అక్షరాలు కనబడితే కదా! ఆపా తన పద్ధతిలో ఒత్తుల దగ్గర ఆగుతూ చదివింది. "నాకు గుర్తుంది నాన్నా. నువ్వు మర్చిపోయావనుకున్నాను."

ఎల్లయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లావణ్య ఆయన భుజం మీది తువ్వాలుతోనే ఆయన ముక్కు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ నవ్వేసింది. కింద మొబైల్ దుకాణంవాళ్ళు తలెత్తి చూసేంత గట్టిగా నవ్వింది. ఎల్లయ్య ఏడుస్తూనే "నవ్వు బిడ్డా, నవ్వు" అన్నాడు. ఆ రోజు తర్వాత నేను నిప్పులు కక్కే అక్షరాలు చేయలేదు.

ఆపా ఇప్పుడు లేదు. చివరి ఏడాది పక్షవాతం వచ్చి మాట తడబడేది. ఆమె నోరు తెరిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళు ప్రేమకొద్దీ మాట అందుకుని తామే పూర్తిచేసేవారు. ఒకరోజు వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. నన్ను చూసి "చాయ్..." అని ఆగిపోయింది. పాపం ఆమెకు కావాలేమోనని కోడలు వంటింట్లోకి పరుగెత్తింది. నేను మాత్రం ఆపా పెదవులను చూస్తూ కూర్చున్నాను. ఎంతోసేపటికి మిగిలిన మాట వచ్చింది.

"...తాగినవా, బేటీ?"

ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే. ఆగడం ఆమే నేర్పింది కాబట్టి అది నాకు దక్కింది.