గెలిచిన పిల్ల ఇంట్లో పొయ్యి వెలగలేదు

గెలిచిన పిల్ల ఇంట్లో పొయ్యి వెలగకుండా చేసిన ఘనుణ్ణి నేను. ఇల్లందులో ఇప్పుడు ఎవరైనా శుభవార్త మోసుకొస్తే, "ప్రసాదుగాడు చెప్పిండా, నిజంగనేనా?" అని అడుగుతారు. ఆ ప్రసాదుగాణ్ణి నేనే. కాసిని మంచినీళ్లు తాగి కూర్చోండి, చెప్తాను.

మా చర్చి హాల్లో సాయంత్రాలు ఫెన్సింగ్ క్లబ్బు నడుస్తుంది. ముఖానికి జాలీ ముసుగు తగిలించుకుని, సన్నటి కత్తితో ఎదుటివాళ్లను పొడిచే ఆట. నేనూ చేరాను. నా కత్తి ఎదుటివాళ్లకు తప్ప కుర్చీలకు, కర్టెన్లకు, ఓసారి పాస్టరయ్య గొడుగుకు కూడా తగిలింది. కోచ్ సుధాకర్ సార్ చూసి చూసి, "తమ్మీ, నీ చేతుల కత్తి కంటే ఫోను నయం. క్లబ్బు వార్తలు నువ్వు రాయి" అన్నాడు.

ఇక రెచ్చిపోయాను. రాబోయే పోటీలు, అయిపోయిన పోటీలు, వాట్సాప్ గ్రూపులో అన్నీ నా రాతలే. మావాళ్లు మొదటి రౌండులోనే ఓడి ఇంటికొచ్చినా "నైతిక విజయం మనదే!" అని రాసేవాణ్ణి. నా వార్తల్లో మా క్లబ్బు ఒక్కసారీ ఓడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

క్లబ్బులో నిజంగా ఆట వచ్చిన పిల్ల కీర్తన. వాళ్ల నాన్నది బొగ్గుబాయిలో పని. ఇంట్లో మాట మాత్రం నానమ్మ ఎస్తేరమ్మదే. ఖమ్మంలో ఉమ్మడి జిల్లా పోటీలకు బయల్దేరేటప్పుడు ఆమె గుమ్మంలో నిలబడి తేల్చి చెప్పింది.

"గెలిస్తే రాష్ట్ర పోటీలకు పో, నేనేమన. ఓడితే గా కత్తి అటకెక్కాలె. కల్లూరుల మీ అత్త కాడ బట్టలు కుట్టుడు నేర్చుకో."

కీర్తన బస్సులో దారి పొడుగునా కత్తి సంచిని ఒళ్లోంచి దించలేదు.

ఫైనల్‌కు వచ్చింది. మా హాల్లో అయితే పోటు తగిలిందో లేదో సార్ కళ్లతో చూసి చెప్పేవాడు. ఖమ్మంలో యంత్రం పెట్టారు. ఆటగాళ్ల వీపుకు తీగ, ఆ తీగ పోయి యంత్రానికి. పోటు పడితే బల్బు వెలుగుతుంది. ఎవరి వైపు వెలిగితే ఏమిటో పక్కవాళ్లను అడగొచ్చు. నేను అడుగుతానా? వార్తలు రాసేవాణ్ణి కదా, నాకు తెలియనిదేముంటుంది! మన ఇంటి గంట మోగితే చుట్టాలు మన ఇంటికొచ్చినట్టే. అలాగే కీర్తన వైపు బల్బు వెలిగితే పోటు కీర్తనకు తగిలినట్టే అని నా బుర్ర తీర్పు చెప్పింది.

బల్బు వెలిగింది, కీర్తన వైపు. మళ్లీ వెలిగింది, మళ్లీ కీర్తన వైపే. పక్కన అంకె పెరిగేకొద్దీ నా గుండె జారిపోతోంది. ముసుగుల్లో ఎవరు నవ్వుతున్నారో తెలియదు. సార్ గంతులేస్తుంటే, పాపం బాధతో మతి పోయిందనుకున్నాను. చివరిదాకా చూడలేక బయటికొచ్చి, జీవితంలో మొదటిసారి నిజాయితీగా వార్త రాశాను. "కీర్తన ఓడిపోయింది. అయినా మనందరి మనసులు గెలిచింది."

టీ బండి దగ్గర కళ్లు తుడుచుకుంటుంటే కీర్తన మెడలో పతకంతో పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, గెలిచిన! నువ్వేడికి పోయినవ్?"

"మరి బల్బు నీ దిక్కే వెలిగింది కదా?"

"ఎవరు పొడిస్తే వాళ్ల దిక్కే వెలుగుతది అన్నా!"

వెనకే వచ్చిన సార్ నా ఫోను లాక్కుని వార్త చదివాడు. "ఏంది రా ఇది? జల్దీ ఇంటికి ఫోన్ చెయ్యి!"

చేశాను. "నానమ్మా, కీర్తన గెలిచింది!"

"అవ్ బిడ్డా, మనసులు గెలిచింది. పాస్టరయ్య చదివి వినిపించిండు."

"మనసులు కాదు, ఆటే గెలిచింది!"

"నువ్వెప్పుడు గట్లనే రాస్తవ్ లే. పిల్లను పైలంగ తీసుకరా."

కీర్తన ఫోను అందుకుంది. సంతోషంతో మాటకు ముందే ఏడుపొచ్చింది. ఆ ఏడుపు విని నానమ్మ కూడా ఏడ్చి ఫోను పెట్టేసింది. గ్రూపులో సవరణ పెట్టాను. దాని కింద వరసగా దండం బొమ్మలు పెట్టి, "ధైర్యంగా ఉండు తమ్మీ" అని ఓదార్చారు.

మా దిక్కు దుఃఖం వచ్చిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగే వండి తెస్తారు. మేం చేరేసరికి కీర్తన వాళ్ల గుమ్మం ముందు అన్నీ చెప్పులే. లోపల వరసగా టిఫిన్ క్యారియర్లు, ఇల్లంతా పప్పుచారు వాసన. పాస్టరయ్య ప్రార్థన మధ్యలో ఉన్నాడు. నానమ్మ ఆమెన్ కోసం కూడా ఆగకుండా లేచొచ్చి మనవరాలిని వాటేసుకుంది.

"ఓడితే ఏమాయె బిడ్డా! గా కల్లూరు ముచ్చట నేను వాపస్ తీసుకున్న. నువ్వు కత్తి ఇడువకు. ఓడినా ఆడు, ముసలిదాన్ని నేనున్న."

అంత మంచి మాట నా తప్పుడు వార్త వల్ల పుట్టిందంటే నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. కీర్తన పతకం తీసి నానమ్మ చేతిలో పెట్టింది.

నానమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. పతకాన్ని చూసింది, క్యారియర్లను చూసింది, చివరికి నన్ను చూసింది. గదిలో ఉన్నవాళ్లంతా నా వైపే తిరిగారు.

"గెలిచిన పిల్లకు పప్పుచారు పెడతమా?" అంది నానమ్మ. "పోండ్రి, ప్రసాదుగాళ్ల ఇంట్ల ఎర్ర పుంజు ఉన్నది, పట్టుకరాండ్రి."

మా అమ్మ దాన్ని నాకంటే గారాబంగా పెంచింది. ఆ రాత్రి కూర అద్భుతంగా ఉందని అందరూ అన్నారు. మా అమ్మ మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు.

రాష్ట్ర పోటీలు దగ్గరపడ్డాయి. నానమ్మ కూడా వస్తోంది, నా పక్కనే కూర్చుంటుందట. కనుక సభాముఖంగా ఒట్టు వేస్తున్నాను: ఆటగాళ్లు ముసుగు తీసేదాకా, వాళ్లలో ఎవరు నవ్వుతున్నారో నా కళ్లారా చూసేదాకా, ఫోను ముట్టుకోను. ఈ ఒట్టుకు సాక్షులు, మా ఇంట్లో మిగిలిన కోళ్లు.