అప్పన్న బాబాయి రెండో పని

2021 చివరి నెలలు. కరోనా రెండో విడత తగ్గి, బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో దుకాణాలు, కార్ఖానాలు మళ్ళీ తలుపులు తీస్తున్నాయి. తీయనివి కూడా ఉన్నాయి. ఊరి అంచున ఉన్న ఒక ప్రైవేటు ఫౌండ్రీ, అంటే ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే కార్ఖానా, పూర్తిగా మూతపడింది. అక్కడ పని పోయినవాళ్ళ కోసం కార్మిక సంఘం ఇందా అనే పేటలో తమ ఆఫీసు మేడమీద ఒక శిక్షణ కేంద్రం తెరిచింది. నేను అందులో ప్లేస్‌మెంట్ కౌన్సెలర్‌ని. వచ్చినవాళ్ళతో మాట్లాడి ఎవరికి ఏ కోర్సు కుదురుతుందో చూడడం, కోర్సు అయ్యాక పనిచ్చే యజమానితో కలపడం నా ఉద్యోగం. యాభై దాటిన మనిషి ఎదురుగా కూర్చుని "మీకు ఇంకేం పని వచ్చు?" అని అడగడం ఎంత ఇబ్బందో ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది.

అప్పన్న బాబాయిది తాల్‌బగీచా పేట. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఇక్కడి తెలుగువాళ్ళలో ఆ వయసువాళ్ళని అలాగే పిలుస్తాం. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపునుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చినవాడు. కొడుక్కి రైల్వేలో దొరకలేదు. ఫౌండ్రీలో ఫెట్లింగ్ సెక్షన్‌లో చేరాడు. అచ్చులోంచి తీసిన ఇనప ముక్కల అంచుల్ని గ్రైండర్‌తో నున్నగా చెయ్యడాన్ని ఫెట్లింగ్ అంటారు. చెవులు గింగురుమనే పని. అది పోయాక ఆయన రెండుమూడు చోట్ల ఇంటర్వ్యూలకి వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఎందుకు తీసుకోలేదో ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు నాకూ ఏమీ అర్థం కాలేదు.

"బాబాయ్, పిల్లలు ఎంతమంది?" అన్నాను.

"అవునమ్మా," అన్నాడు నవ్వుతూ.

"ఏ పని నేర్చుకోవాలని ఉంది?"

"అవునమ్మా, తప్పకుండా."

మనసు బాగోలేదేమో అనుకున్నాను. అంతలో టీ వచ్చింది. కప్పు అందుకుని, మాస్కు దించి, మాటవరసకి "ఆ కార్ఖానాలో ఏం చేసేవారు?" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. గ్రైండర్ ఎలా పట్టుకోవాలో, నిప్పురవ్వలు కంట్లో పడకుండా తల ఎటు తిప్పాలో, చేతులతో చూపిస్తూ చెప్పుకుపోయాడు. నేను టీ తాగి మాస్కు పెట్టుకుని ఇంకో ప్రశ్న వేశాను.

"అవునమ్మా," అన్నాడు.

నేను మాస్కు మళ్ళీ దించి, మెల్లగా, "బాబాయ్, మీరు నా పెదాలు చూసి చెప్తున్నారు కదూ?" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. "ఎన్నో ఏళ్ళుగా ఇలగే గడిపేసినానమ్మా. ఈ మాస్కులొచ్చి నన్ను బయటెట్టేసినాయి. మా ఇంటిదానికి తెలీదు. పని పోయిందనే కుమిలిపోతంది. సెవులు కూడా పోయినాయని తెలిస్తే తట్టుకోలేదు. నువ్వు సెప్పకమ్మా."

కౌన్సెలింగ్‌లో ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరవెయ్యకూడదు. దాన్ని కాన్ఫిడెన్షియాలిటీ అంటారు. చెప్పనని మాటిచ్చాను.

మర్నాడు ఆయన భార్య పైడమ్మ పిన్ని ఒక్కతే వచ్చింది. తలుపు దగ్గరగా వేసి కూర్చుంది.

"అమ్మా, మాయనకి సెవులు ఇనబడవు. ఒకనాడు వంటింట్లో పెద్ద గిన్నె కిందడిపోయింది. నేను అదిరిపోయినాను, పక్కనున్న మనిషి తిరిగి సూడలేదు. అప్పట్నుంచి ఎదురుగా నిలబడే మాటాడతన్నాను. నాకు తెలుసని ఆయనకి తెలీదు. తెలిస్తే సిన్నబోతాడు. మీరు పని సూపించినప్పుడు ఇది మనసులో ఎట్టుకోండి. ఆయనతో మాత్రం అనకండి."

ఆవిడకీ మాటిచ్చాను. ఇంకేం చెయ్యను? ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే నవ్వొచ్చింది. ఒకే గదిలో పడుకునే ఇద్దరు మనుషులు, ఒకరి మనసు ఒకరు కాచుకుంటూ, ఒకే సంగతిని దాచుకుంటున్నారు.

ఆయన్ని టోటో రిపేరు కోర్సులో చేర్చాను. బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండిని మా ఊళ్ళో టోటో అంటారు. అప్పటికే వీధివీధినా అవే. బాబాయి ఒప్పుకున్నాక పాఠం చెప్పే బిశ్వాస్‌దాకి ఒక్కడికే ఆ చెవుల విషయం చెప్పాను. ఆయన మరుసటి రోజునుంచి క్లాసు వరండాలోకి మార్చాడు. దూరంగా నిలబడి, మాస్కు దించి, అందరివైపూ తిరిగి పాఠం చెప్పాడు. గాలి బాగా ఆడుతుందని అలా మార్చాడని మిగతావాళ్ళు అనుకున్నారు. అప్పన్న బాబాయి వైరింగు, మోటారు విప్పి బిగించడం, కంట్రోలర్ పని, అంటే బ్యాటరీనుంచి మోటారుకి కరెంటు ఎంత వెళ్ళాలో చూసే పెట్టె పని, అన్నీ కుదురుగా నేర్చుకున్నాడు.

కోర్సు అయ్యాక ఇందాలో గ్యారేజీ ఉన్న దాస్‌బాబు మనుషుల్ని చూసుకోవడానికి మా కేంద్రానికి వచ్చాడు. ఆయనకి ముందే చెబుతానంటే బాబాయి ఒప్పుకోలేదు. "ఒక్కసారి నన్ను అందర్లాగే సూడనీ అమ్మా," అన్నాడు. దాస్‌బాబు ఇంట్లో మంచం పట్టిన తల్లి ఉంది. మాస్కు తియ్యడు. ఆ భయం నాకు తెలుసు, తియ్యమని అడగలేకపోయాను.

బెంగాలీలో మొదటి ప్రశ్న వేశాడు. "హా దాదా," అని అవునన్నట్టు చెప్పాడు బాబాయి. రెండో ప్రశ్న వేశాడు. "హా దాదా." దాస్‌బాబు కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఇక లాభం లేదని నేను నోరు విప్పబోతున్నాను. అంతలో గుమ్మంలో పైడమ్మ పిన్ని కనబడింది. మొగుడికి అన్నం తెచ్చింది. దాస్‌బాబు వీపు ఆమెవైపు ఉంది. ఆమె క్యారేజీ కింద పెట్టి, మాస్కు గడ్డం కిందికి లాగి, విన్న ప్రశ్నని చప్పుడు లేకుండా పెదాలతో తెలుగులో అంది. బండి మిట్ట ఎక్కుతా ఆగిపోతే ముందు ఏటి సూత్తావు?

బాబాయి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత జవాబు చెప్పాడు. ఇంకో ప్రశ్న, ఇంకో జవాబు. చూపు తన మీద లేదని దాస్‌బాబు గ్రహించి వెనక్కి తిరిగాడు. పిన్ని కంగారుగా మాస్కు పైకి లాక్కుంది.

"ఎవరావిడ?"

బాబాయి లేచి నిలబడ్డాడు. దాస్‌బాబు ఏం అడిగాడో వినబడకపోయినా తెలిసిపోయింది. బెంగాలీలోనే అన్నాడు. "నా భార్య, దాదా. నాకు చెవులు వినబడవు. ఆ సంగతి ఆవిడకి తెలుసని నాకు ఇప్పుడే తెలిసింది."

దాస్‌బాబు కోప్పడలేదు. రిపేరు చేసిన బండిని రోడ్డుమీద నడిపి చూడాలి, వెనక లారీ హారన్ వినబడకపోతే ప్రమాదం, ఆ బాధ్యత తన మీద పడుతుంది అన్నాడు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పని రాలేదు.

వాళ్ళిద్దరూ మెట్లమీద కూర్చున్నారు.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"కార్ఖానా ఉన్నప్పట్నుంచే."

"మరి నాతో సెప్పలేదేటి?"

"నువ్వు సెప్పినావేటి?"

ఆయన నవ్వబోయాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైడమ్మ పిన్ని కొంగుతో ఆయన ముఖం తుడిచి, క్యారేజీ గిన్నెలు విప్పింది. "సల్లారిపోతంది, తిను ముందు," అంది. పని చేజారిన రోజు అలా కడుపునిండా తిన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇక దాచడానికి ఏమీ లేదు కనక మాకు దారి తేలికైంది. ప్రభుత్వాసుపత్రిలో ఆడియోమెట్రీ చేయించాం. ఏ శబ్దం ఎంతవరకు వినబడుతుందో చూసే పరీక్ష అది. వినికిడి యంత్రం సంఘం ఇప్పించింది. సుభాష్‌పల్లిలో ఇంకో గ్యారేజీవాళ్ళకి ఈసారి ఉన్నది ఉన్నట్టు ముందే చెప్పాను. బండి నడపక్కర్లేని బెంచ్ వర్క్, అంటే విప్పిన మోటార్లని బల్లమీద బాగుచేసే పని, ఇచ్చారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

కొన్ని వారాలకి పైడమ్మ పిన్ని బజారులో కలిసి ఫిర్యాదు చేసింది. "ఆ మిషనొచ్చిన కాణ్ణుంచి నా ముకం సూడ్డం మానేసినాడమ్మా. గోడకేసి సూసుకుంటా ఊఁ అంటన్నాడు. నిన్న తీసి పక్కనెట్టించినాను. బుద్ధిగా ఎదురుగొచ్చి కూకున్నాడు."

అప్పటినుంచి కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్ళకి తోడుగా వచ్చి బయట కూర్చున్న మనిషిని కూడా పరిచయం చేసుకుంటున్నాను. ఏం దాస్తున్నారని ఎవర్నీ అడగను. "ఇంట్లో మిమ్మల్ని బాగా కనిపెట్టి చూసేదెవరు?" అని అడుగుతాను. చాలామంది ఒక్క క్షణం ఆలోచించి ఒక పేరు చెబుతారు. ఆ పేరు చెప్పేటప్పుడు బిగుసుకున్న భుజాలు కాస్త సడలుతాయి. మిగతా మాటలు అక్కణ్ణుంచి మొదలుపెడతాను.